పర్లాకిమిడి నుంచి డాలస్‌కి: ఇన్సులిన్ తీసుకునే ఒక తల్లి ఒంటరి ప్రయాణం

పేషెంట్ వయసు 61. ఒడిశా గజపతి జిల్లాలో పర్లాకిమిడి దగ్గరి ఊరు. టైప్ 2 డయాబెటిస్ వచ్చి 14 ఏళ్లు, ఇన్సులిన్ మొదలుపెట్టి ఆరేళ్లు. బరువు 62 కిలోలు. బీపీకి ఒక మాత్ర వాడతారు. కూతురు డాలస్‌లో ఉంటుంది, జూన్‌లో కాన్పు. మే మధ్యలో ఈవిడ ఒక్కరే బయల్దేరాలి, భర్త జులై చివర్లో వెళ్తారు, అక్టోబర్‌లో ఇద్దరూ కలిసి తిరిగి వస్తారు. ఇదీ వాళ్ల ఏర్పాటు. ప్రయాణం ఇంకా రెండు నెలలు ఉందనగా, మార్చిలోనే ఇద్దరూ నా దగ్గరికి వచ్చారు. టికెట్టు చేతిలో పెట్టుకుని వారం ముందు వచ్చేవాళ్లకి ఉన్న మందుతోనే ఏదో ఒక దారి చెప్పి పంపాల్సి వస్తుంది. రెండు నెలలుంటే మందు మార్చి, మార్చినది కుదిరిందో లేదో కూడా చూసుకోవచ్చు.

ఈ వివరాలు రాయడానికి ఆవిడ ఒప్పుకున్నారు. గుర్తుపట్టే వివరాలు మార్చాను. షుగర్ అంకెలన్నీ డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో ఉన్నాయి.

వచ్చినప్పటి పరిస్థితి

30/70 హ్యూమన్ ఇన్సులిన్ సీసా, పొద్దున 20 యూనిట్లు, రాత్రి 12. మెట్‌ఫార్మిన్ గ్రాము చొప్పున రెండు పూటలా. పొద్దున షుగర్ తగ్గించే మరో మాత్ర, గ్లిమెపిరైడ్ 2 మిల్లీగ్రాములు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 8.2. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 0.9, అంటే బాగానే ఉంది. బరంపురంలో కంటి రెటీనా చూపించుకున్నారు. తొలి దశ మార్పులే, చికిత్స అక్కర్లేదన్నారు. పాదాల్లో స్పర్శ బాగానే ఉంది, మడమలు మాత్రం పగిలి ఉన్నాయి.

8.2 చూడగానే ఎవరికైనా మందు పెంచాలనిపిస్తుంది. కానీ పొద్దున పదకొండు గంటలప్పుడు ఒంట్లో ఎలా ఉంటుందని అడిగితే, "నీరసం బాబూ, చెమట్లు పడతాయి, పంచదార నీళ్లు తాగితే సర్దుకుంటాది" అన్నారు. నెలలో రెండు మూడుసార్లు అలా అవుతోందట. ఏకాదశి రోజుల్లో సూది మామూలుగానే వేసుకుని పళ్లతో సరిపెట్టేవారు. అది లో షుగర్ అని ఇంట్లో ఎవరూ అనుకోలేదు. ఎండల వల్ల అనుకున్నారు, వయసు అనుకున్నారు. ఈ కేసులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది ఈ పదకొండు గంటల నీరసమే. ఇంట్లో అయితే పంచదార డబ్బా నాలుగు అడుగుల్లో ఉంటుంది. పదహారు గంటల విమానంలో, భాష తెలియని మనుషుల మధ్య, సీటు బెల్టు పెట్టుకుని కూర్చున్నప్పుడు ఇదే నీరసం వస్తే ఏం చేస్తారన్నదే నా టెన్షన్.

మందు ఎందుకు మార్చాను

30/70లో 30 వంతులు అరగంటలో పని మొదలుపెట్టే ఇన్సులిన్. మిగతా 70 వంతులు నెమ్మదిగా ఎక్కి, నాలుగు నుంచి పది గంటల మధ్యలో బలంగా పనిచేస్తుంది. పొద్దున వేసిన సూదికి మధ్యాహ్నం టైముకి అన్నం పడాల్సిందే. ఇంటి పట్టున ఉండి, పన్నెండున్నరకల్లా పఖాళ (నీళ్లలో నానిన చద్దన్నం) తినే మనిషికి ఇది నడిచిపోతుంది. విమానంలో అన్నం ఎప్పుడు వస్తుందో మన చేతిలో ఉండదు. దాని మీద గ్లిమెపిరైడ్ కూడా ఉంటే షుగర్ పడిపోవడానికి రెండు కారణాలున్నట్టు.

అందుకే ముందు గ్లిమెపిరైడ్ ఆపేశాను. రోజుకి 32 యూనిట్లలో ఐదో వంతు తగ్గించి, మిగతా 26ని మూడుగా పంచాను. రాత్రి తొమ్మిదింటికి గ్లార్జిన్ 14, మధ్యాహ్నం అన్నంతో అస్పార్ట్ 6, రాత్రి భోజనంతో 6. పొద్దున చోడి (రాగి) అంబలి, మెట్‌ఫార్మిన్ చాలు. గ్లార్జిన్ దాదాపు 24 గంటలు ఒకేలా పనిచేస్తుంది, తిన్నా తినకపోయినా పెద్ద ఒడిదుడుకులు ఉండవు. అస్పార్ట్ త్వరగా పనిచేసే ఇన్సులిన్, అది తిన్నప్పుడే, తినకపోతే సూది లేదు. ఏప్రిల్ చివరికి గ్లార్జిన్ 16 దగ్గర నిలిచింది. పరగడుపు షుగర్ 118కి 140కి మధ్య తిరిగింది, పదకొండు గంటల చెమటలు పోయాయి.

ఖర్చు పెరిగింది. పెన్ను, కార్ట్రిడ్జ్‌లు, పెన్ను సూదులు అన్నీ కలిపితే సీసా మందు కంటే చాలా ఎక్కువ. భర్తకి వచ్చేది పెన్షన్. ఈ మాట ముందే చెప్పి, వాళ్లు ఆలోచించుకుని వచ్చాకే మార్చాను.

రెండు పెన్నులు తారుమారైతే ప్రమాదం. గ్లార్జిన్ 16 వేయాల్సిన చోట అస్పార్ట్ 16 వేస్తే గంటలో మనిషి పడిపోవచ్చు. ఇక్కడ మా ప్రాంతం సంగతి ఒకటి చెప్పాలి. ఈవిడ ఇంట్లో మాట్లాడేది తెలుగు, చదువుకున్నది ఒడియా బడిలో. తెలుగు అక్షరాలు రావు, ఇంగ్లిష్ అంకెలు మాత్రం గుర్తుపడతారు. గజపతి, గంజాం, రాయగడ జిల్లాల్లో ఈ వయసు వాళ్లు ఇలాంటివాళ్లు ఎందరో. తెలుగు పేషెంటు కదా అని తెలుగులో రాసిచ్చిన చీటీ వాళ్లకి ఉపయోగపడదు. ఈవిడ చీటీని మా నర్సు ఒడియాలో రాసింది. రాత్రి పెన్నుకి నల్ల దారం, అన్నం పెన్నుకి పసుపు దారం చుట్టాం. కళ్లద్దాలు లేకుండా వేలితో తడిమినా తేడా తెలిసేలా నల్ల దారం మందంగా చుట్టించాను.

టైము లెక్క

డాలస్‌లో మే నెలలో టైము మనకంటే పదిన్నర గంటలు వెనక. పడమటికి వెళ్తే రోజు సాగుతుంది. రాత్రి తొమ్మిదికి వేసే సూది అక్కడి తొమ్మిదికే వేయాలంటే, రెండు సూదుల మధ్య 24 గంటలకు బదులు 34న్నర గంటలు వస్తాయి. "అక్కడి టైము ప్రకారం వేసుకోమను" అని బంధువులు తేలిగ్గా చెప్పేస్తారు. అలా చేస్తే చివరి పది గంటలు ఒంట్లో రాత్రి ఇన్సులిన్ దాదాపు ఉండదు. అలాగని 24 గంటలకే మొత్తం 16 వేసి, దిగాక అక్కడి రాత్రికి మళ్లీ 16 వేస్తే, పదమూడు గంటలకు పైగా రెండు సూదులూ కలిసి పనిచేస్తాయి. కొత్త ఊళ్లో మొదటి రాత్రి షుగర్ పడిపోవడానికి అది చాలు.

ప్రయాణపు చీటీని నేను గడియారం టైముతో రాయను. కిందటి సూది నుంచి ఎన్ని గంటలైంది అన్న లెక్కతోనే రాస్తాను. ఆవిడ చేతి గడియారం కూతురి ఇంటికి చేరేదాకా మన టైములోనే ఉండాలని, ఎవరు మార్చమన్నా మార్చొద్దని చెప్పాను. విమానం మారే దోహాలో ఫోన్ తనంతట తనే టైము మార్చేసుకుంటుంది. దాన్ని చూసి సూది వేసుకునేవాళ్లు అక్కడే తడబడతారు.

టికెట్టు చూసి వేసిన లెక్క ఇది. మంగళవారం రాత్రి తొమ్మిదికి హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో మామూలుగా 16. బుధవారం మన టైము రాత్రి తొమ్మిదికి, అంటే దోహా నుంచి డాలస్ వెళ్లే విమానం గాల్లో ఉండగా, సగం: 8. దిగిన రోజు డాలస్ రాత్రి తొమ్మిదికి 12. మర్నాడు రాత్రి నుంచి 16. ఇది ఈవిడ డోసుకి, ఈవిడ టికెట్టుకి వేసిన లెక్క. మరొకరు దీన్ని చూసి వేసుకోకూడదు. కిడ్నీ బాగా లేనివాళ్లకి, టైప్ 1 వాళ్లకి, గ్లార్జిన్ కంటే ఎక్కువసేపు పనిచేసే డెగ్లుడెక్ ఇన్సులిన్ వాడేవాళ్లకి లెక్క వేరుగా ఉంటుంది.

అస్పార్ట్ ప్రయాణంలో 4 మాత్రమే, అదీ తిన్నాకే. ట్రేలో సగం కంటే తక్కువ తింటే సూది వద్దు. రెండు అన్నం సూదుల మధ్య కనీసం నాలుగు గంటలు. షుగర్ ప్రతి నాలుగైదు గంటలకి, నిద్రపోయే ముందు తప్పకుండా. దారిలో 120 నుంచి 220 మధ్య ఉంటే నాకు చాలు. రెండు రోజులు 220 ఉంటే మనిషికి ఏమీ కాదు, 50 అయితే స్పృహ తప్పొచ్చు. ఈ మాట భర్తకి, కూతురికి కూడా విడిగా చెప్పాను. ఇంట్లోవాళ్లు భయపడేది ఎప్పుడూ పెరిగిన అంకెకే.

డయాబెటిక్ భోజనం బుక్ చేద్దామని కూతురు అడిగింది. వద్దన్నాను. అందులో అన్నం, రొట్టె తక్కువ వస్తాయి, ఇన్సులిన్ వేసుకునేవాళ్లకి అది కొన్నిసార్లు ఎదురు తిరుగుతుంది. మామూలు శాకాహార భోజనం చెప్పించాం.

సంచి

ఇన్సులిన్ మొత్తం చేతి సంచిలోనే. సామాను కింద వేస్తే అక్కడి చలికి గడ్డకట్టొచ్చు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూడ్డానికి మామూలుగానే ఉన్నా పనిచేస్తుందని నమ్మలేం. మా ఊరి నుంచి విశాఖ ఎయిర్‌పోర్టుకి మే ఎండలో కారు ప్రయాణం, మధ్యలో టీకి ఆగితే కారులో సంచి వదలొద్దు. నీళ్లలో నానబెట్టే చల్లసంచి కొనిపించాను. ఐస్ ప్యాక్‌ని కార్ట్రిడ్జ్‌కి ఆనించి పెట్టొద్దన్నాను.

అమెరికాకి సొంత వాడకానికి తీసుకెళ్లే మందు సాధారణంగా 90 రోజులకు మించకూడదు. ఆవిడ ఉండేది ఐదు నెలలు. అందుకే 90 రోజులది ఆవిడతో, మిగతాది జులైలో భర్తతో. గ్లార్జిన్ 16, సూది సరిచూసుకోవడానికి వదిలే 2 కలిపి రోజుకి 18. 300 యూనిట్ల కార్ట్రిడ్జ్ పదహారు రోజులు వస్తుంది, ఆరు చాలు. అస్పార్ట్‌కి ఐదు. స్ట్రిప్పులు ఇక్కడి మీటర్‌వి అక్కడ దొరక్కపోవచ్చని ఎక్కువే పెట్టించాను.

ఆవిడతో పంపిన డాక్టరు ఉత్తరంలో మందుల అసలు పేర్లు, డోసులు ఇంగ్లిష్‌లో రాశాను. బ్రాండు పేరు దేశం దాటితే మారిపోతుంది. ఇక్కడ నోవోరాపిడ్‌గా దొరికే అస్పార్ట్‌నే అమెరికాలో నోవోలాగ్ అంటారు. ఒక చిన్న కార్డు మెడలో వేయించాను: నాకు డయాబెటిస్ ఉంది, ఇన్సులిన్ తీసుకుంటాను, నేను తికమకగా కనిపిస్తే తియ్యటిది ఇవ్వండి, మింగలేకపోతే నోట్లో ఏమీ పోయకుండా డాక్టర్‌ని పిలవండి.

గ్లూకోజ్ పొడిని 15 గ్రాముల చొప్పున పొట్లాలు కట్టి, నడుముకి కట్టుకునే చిన్న సంచిలో పెట్టించాను. పై అరలో కాదు, సీటు కింద కూడా కాదు, ఒంటి మీదే.

దారిలో జరిగింది

హైదరాబాద్‌లో రాత్రి 168. గ్లార్జిన్ వేసుకున్నారు. దోహాలో దిగేసరికి 142. వీల్‌చెయిర్ చెప్పి ఉంచాం కాబట్టి విమానం మారడంలో ఇబ్బంది కాలేదు.

రెండో విమానంలో మన టైము పన్నెండున్నరకి ట్రే వచ్చింది. షుగర్ 171. ఇంట్లో ఆరేళ్లు సూది ముందు, అన్నం తర్వాత. ఆ అలవాటు కొద్దీ ట్రే మూత తీయకముందే 4 యూనిట్లు వేసుకున్నారు. మూత తీస్తే జున్ను వేసిన ఏదో పాస్తా. వాసనకే తినబుద్ధి కాలేదట. పెరుగు, నాలుగు పండు ముక్కలు తిని పడుకున్నారు. రెండుంపావు గంటల తర్వాత చెమటలతో మెలకువ వచ్చింది, గుండె దడ. మీటర్‌లో 61. సీటు బెల్టు దీపం వెలుగుతోంది, పై అరలో సంచి తీసే వీలు లేదు. నడుము సంచిలోని పొట్లం నీళ్లలో కలుపుకుని తాగారు. పావుగంటకి 84. అప్పుడు అటుకులు, వేయించిన పల్లీలు తిన్నారు. రెండు గంటల తర్వాత 149. ఎవరినీ పిలవలేదు. పిలుపు బటన్ నొక్కి ఒకరిని పక్కన ఉంచుకుని ఉంటే నాకు ఇంకా నిశ్చింతగా ఉండేది.

ఇదే మూడు నెలల కింద అయితే 20 యూనిట్ల 30/70, గ్లిమెపిరైడ్ ఒంట్లో పెట్టుకుని ఈవిడ ఆ పాస్తా ముందు కూర్చునేవారు. ఆ షుగర్ ఒక్క పొట్లంతో లేచేది కాదు.

రాత్రి తొమ్మిదికి, చేతి గడియారం చూసుకుని, గ్లార్జిన్ 8. అప్పుడు 183. డాలస్‌లో సాయంత్రం నాలుగింటికి దిగారు. ఇంటికి చేరాక 238. కూతురు కంగారుపడి, అన్నం లేకుండానే అస్పార్ట్ 6 వేద్దామా అని మెసేజ్ పెట్టింది. వద్దన్నాను. 300 దాటకుండా, వాంతులు లేకుండా ఉంటే అదనపు సూది లేదని చీటీలో ఉంది. ఒకటిన్నర రోజు కూర్చునే ఉన్న ఒళ్లు, నిద్ర లేదు, ఆ అంకె అంతే ఉంటుంది. మామూలుగా భోజనం, దానికి 6, తొమ్మిదికి గ్లార్జిన్ 12. మర్నాడు తెల్లవారుజామున 147.

తర్వాత మూడు నాలుగు రోజులు రాత్రి ఒంటిగంటకే మెలకువ, ఆకలి. ఆ టైములో ఏదైనా కొద్దిగా తిన్నా అస్పార్ట్ వేసుకోవద్దన్నాను. వారంలోపు నిద్ర కుదిరింది, షుగర్ కూడా.

డాలస్‌లో

జులైలో పరగడుపు అంకెలు 165, 180, 190 అని పెరగడం మొదలైంది. కారణం వెతకడానికి పరీక్షలు అక్కర్లేకపోయింది. పసిబిడ్డతో రాత్రి జాగరణ, మూడు గంటలప్పుడు పాలు, బిస్కెట్లు. పగలు బయట 38 డిగ్రీల ఎండ, నడకే లేదు. ఊళ్లో అయితే రోజూ చెరువుగట్టు దాకా నడిచి వచ్చే మనిషి. బిస్కెట్లు మాన్పించి వేయించిన శనగలు పెట్టించాను, అక్కడ జులైలో ఎనిమిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది కాబట్టి భోజనమయ్యాక నడవమన్నాను, గ్లార్జిన్ 18 చేశాను. నెలాఖరుకి 130ల్లోకి వచ్చింది.

ప్రిస్క్రిప్షన్ లేకుండా కొనే షుగర్ సెన్సర్ అక్కడ దొరుకుతోంది కదా, కొననా అని కూతురు అడిగింది. 2024లో అమెరికాలో అలాంటి మొదటిదానికి అనుమతి ఇచ్చింది ఇన్సులిన్ వాడని పెద్దవాళ్ల కోసం. షుగర్ పడిపోతే అలారం మోగించదు. ఈవిడకి కావాల్సింది ఆ అలారమే. కొనొద్దన్నాను.

అసలు ప్రమాదం ఆ నెలలోనే, వేరే రూపంలో వచ్చింది. నల్ల దారం పెన్ను టైల్స్ మీద పడి, డోసు తిప్పే భాగం బిగుసుకుపోయింది. భర్త రావడానికి ఇంకా రెండు వారాలుంది. అప్పుడు తెలిసింది, ఆవిడ ఎందుకైనా మంచిదని పాత 30/70 సీసాలు రెండు పెద్ద సూట్‌కేసులో చీరల మధ్య పెట్టుకెళ్లారని. సిరంజీలు లేవు. కూతురు మందుల షాపుకి వెళ్లి, నా ఉత్తరం చూపించి సిరంజీలు కొనుక్కొచ్చింది. సూది వేసే ముందు వీడియో కాల్ చేసింది.

మన దేశంలో సీసా ఇన్సులిన్ మిల్లీలీటరుకి 40 యూనిట్లు, దానికి ఎర్ర మూత సిరంజి. అమెరికాలో అమ్మేవి మిల్లీలీటరుకి 100 యూనిట్ల సిరంజీలు, నారింజ రంగు మూత. మన సీసాలోంచి అక్కడి సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే. షుగర్ దిగదు, డోసు పెంచుతూ పోతారు. దీనికంటే భయంకరమైనది తిరగేసి జరిగేది. అక్కడ కొన్న 100 యూనిట్ల సీసాలోంచి మన ఎర్ర మూత సిరంజితో 20 గీత లాగితే 50 యూనిట్లు వెళ్తాయి. ప్రాణం మీదికి వస్తుంది. ఊరి నుంచి సిరంజీలు తీసుకెళ్లి, సీసా అక్కడ కొనుక్కునేవాళ్లు ప్రతి ఒక్కరూ తెలుసుకోవాల్సిన సంగతి ఇది. అక్కడ చాలా రాష్ట్రాల్లో హ్యూమన్ ఇన్సులిన్ ప్రిస్క్రిప్షన్ లేకుండానే దొరుకుతుంది కాబట్టి ఇది జరగడానికి అవకాశం ఎక్కువ. మనం 30/70 అనేదాన్ని వాళ్లు 70/30 అంటారు, మందు ఒకటే, గాఢత మాత్రం వేరు.

పైగా ఆ సీసాలు విమానం సామాను అరలో ప్రయాణం చేశాయి. పారేయమన్నాను. కానీ కొన్న సిరంజీలు పనికొచ్చాయి. పెన్ను కార్ట్రిడ్జ్‌లో ఉన్నది 100 యూనిట్ల ఇన్సులినే. పెన్ను పాడైనప్పుడు దానిలోంచి 100 యూనిట్ల సిరంజితో నేరుగా లాగి వేసుకోవచ్చు, 18 గీత అంటే 18 యూనిట్లే. కార్ట్రిడ్జ్‌లోకి గాలి ఎక్కించకూడదు, ప్రతిసారీ కొత్త సిరంజి. కాల్‌లో నేను చూస్తుండగా కూతురు లాగింది. రెండు వారాలు అలాగే నడిచింది. భర్త వెళ్లేటప్పుడు కొత్త పెన్నులు రెండు పంపాను.

తిరుగు ప్రయాణం

తూర్పుకి వస్తే రోజు కుదించుకుపోతుంది. సూదులు దగ్గర పడతాయి కాబట్టి షుగర్ పడిపోయే భయం ఇటువైపే ఎక్కువ. డాలస్‌లో చివరి సూది ముందు రోజు రాత్రి తొమ్మిదికి 18 కాకుండా 16. అది మన టైములో పొద్దున ఏడున్నర. మన రాత్రి తొమ్మిది వచ్చేసరికి పదమూడున్నర గంటలే అవుతుంది. అప్పటికి ఇంకా విమానంలోనే ఉంటారు, అక్కడ 8 మాత్రమే. మర్నాడు రాత్రి ఇంట్లో 16. ఈసారి భర్త పక్కనే ఉన్నారు, ట్రే తిన్నాకే సూది. దారిలో అన్నిటికంటే తక్కువ అంకె 104.

నవంబర్‌లో హెచ్‌బీఏ1సీ 7.5. ఇంటికి వచ్చి నడక, అంబలి మళ్లీ మొదలయ్యాక పరగడుపు 82, 79 అని రెండుసార్లు వచ్చింది, గ్లార్జిన్ 14కి దించాను. ఖర్చు తట్టుకోలేక పాత సీసాకే వెళ్తామన్నారు. గ్లార్జిన్ పెన్ను ఉంచి, అన్నం ఇన్సులిన్‌ని మాత్రం మిల్లీలీటరుకి 40 యూనిట్ల రెగ్యులర్ ఇన్సులిన్ సీసాకి, ఎర్ర మూత సిరంజికి మార్చాను. రెగ్యులర్‌ని అన్నానికి అరగంట ముందు వేసుకోవాలి, ఇంటి పట్టున ఉన్నంతకాలం అది ఇబ్బంది కాదు. ఏకాదశి నాడు అన్నం సూది లేదు, గ్లార్జిన్ రెండు యూనిట్లు తక్కువ. మళ్లీ కూతురి దగ్గరికి వెళ్లాలనుకుంటే రెండు నెలల ముందే రమ్మని చెప్పాను. చలికాలమైతే డాలస్‌తో తేడా పదకొండున్నర గంటలు, అన్నం ఇన్సులిన్‌ని మళ్లీ పెన్నుకి మార్చి, టికెట్టు చూసి లెక్క కొత్తగా వేయాలి.